కుళ్ళిన రసాల మేడంగారు

మొన్న నూజివీడు బస్టాండు ముందు ఎండలో నిలబడి ఉంటే, ఆటో సుబ్బారావు బండి పక్కకు తీసి తల బయటకు పెట్టాడు.

"తాతా, మన పురుగుల మేడంగారు పోయారంట. తెలుసా?"

బెజవాడలో చెల్లెలిగారింట్లో పోయారట. పోయి నెల దాటిందట. ఆ చెల్లెలి కొడుకు ఫోన్ చేసి, నూజివీడు గదిలో సామానేమైనా మిగిలిందేమో చూడమన్నాడట. అదీ సుబ్బారావుకు కబురు తెలిసిన విధం. సామాను కోసం ఫోన్ చేశాడు గనక మనిషి సంగతి బయటపడింది.

పక్కన తట్టలో జామకాయలు పెట్టుకుని కూర్చున్నావిడ మా మాటలు విని, "ఎవరు, ఆ కుళ్ళిన కాయలేరుకునే పిచ్చావిడా? అయ్యో పాపం" అంది.

నాకు ఒళ్ళు మండింది. ఈ ఊళ్ళో పచ్చి కాయకు మందు పొట్లం పెట్టి రాత్రికి రాత్రి పసుపు రంగు తెప్పించేవాడు తెలివిగలవాడు. ఆరో తరగతి పిల్లాణ్ణి తెల్లారకముందే లేపి ఇంజనీరింగు లెక్కలు రుద్దేవాడు బాధ్యత గల తండ్రి. చెట్టు కింద కుళ్ళుతున్న కాయ దగ్గర గొంతుక్కూర్చుని, అందులో ప్రాణం ఏ వేళకు ఏం చేస్తోందో చూసిన మనిషి మాత్రం పిచ్చిది! ఆటో ఎక్కకుండా ఇంటికి నడిచి వెళ్ళాను. దారి పొడుగునా ఆమే కనబడుతున్నారు.

ఆమె ఎక్కడ పుట్టారు, ఎవరి పిల్ల, పెళ్ళయిందా లేదా అని నన్ను అడగకండి. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏదో కాలేజీలో జువాలజీ పాఠాలు చెప్పి రిటైరయ్యారని మాత్రం తెలుసు. పేరు తెలుసుగాని రాయను. నాకు తెలిసింది ఆమె చేతులు. పైకి చూస్తే అవి వణికే చేతులు. కాఫీ గ్లాసు పట్టుకుంటే కాఫీ అంచులు దాటేది. సన్నని తీగ ముక్కను బాల్‌పెన్ను గొట్టంలో గుచ్చి తయారుచేసుకున్న ఆ పుల్ల పట్టుకుంటే మాత్రం ఆ వణుకు ఎటు పోయేదో పోయేది. ఆ తీగ కొసతో, కంటికి ఆనని పురుగును నిద్రలేవకుండా ఎత్తి ఇంకోచోట పడుకోబెట్టేవారు. ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి బిగబట్టేవారు. అయ్యాక "హమ్మయ్య" అని గది అంతా వినబడేటట్టు వదిలేవారు.

మొదటిసారి చూసింది మామిడి మార్కెట్లో. వేలం అయిపోయి, లారీలు వెళ్ళిపోయి, నేలమీద గడ్డీ, జీడి మరకలూ, చితికిన కాయలూ మిగిలిన వేళ. ఓ మూల పారబోసిన కుప్ప దగ్గర, స్టీలు టిఫిన్ డబ్బా మూత తీసుకుని, ఒకావిడ కూర్చుని ఉన్నారు. నల్లబడి నీరు కారుతున్న రసం ఒకటి ఎత్తి, కళ్ళు మూసుకుని వాసన చూశారు. మల్లెపూలు వాసన చూసినట్టు.

పండ్ల కొట్టు కుర్రాడికి జాలేసింది.

"మేడంగారూ, అవి పారబోసేవండీ. ఇటు రండి, మంచి చిన్నరసాలిస్తా, చెక్కర పాకం."

"మంచివాటిలో ఏముంటుందయ్యా, తీపి తప్ప?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. ఆమె నా వైపు తిరిగి, "మీరు నవ్వారంటే మీకు తోట ఉండే ఉంటుంది. కుళ్ళినవి ఉన్నాయాండీ మీ తోటలో?" అని అడిగారు.

జీవితంలో ఎందరో నా తోటకొచ్చారు. బంగినపల్లి ఎంత, రసం ఎంత అని అడిగారు. కుళ్ళినవి ఉన్నాయా అని అడిగిన మనిషి ఆమె ఒక్కరే. అప్పటికి నేను రెడ్డిగూడెం వైపు ఒక ఆసామి తోట గుత్తకు తీసుకుని చేయిస్తున్నాను. పూత దశలో కాపు కొనుక్కుని, కాయ కోసుకునే దాకా కాపలా కాసే బతుకు. "రండమ్మా, కావలసినన్ని" అన్నాను. మర్నాడే సుబ్బారావు ఆటోలో దిగారు, నాలుగు టిఫిన్ డబ్బాలతో.

ఆమె ఉన్నది నూజివీడులో ఒక కిరాణా కొట్టు మీది గది. ఆ కొట్టు శెట్టిగారు ఒకనాడు నన్ను ఆపి, గొంతు తగ్గించి అడిగాడు.

"బాబాయ్, ఆవిడ ఒక్కరే గదా. ఇంత చైనా గడ్డి ఏం చేసుకుంటారు? రోజూ ఫలూదా తాగుతారా?"

ఫలూదా కాదు. ఆ చైనా గడ్డిని నీళ్ళలో మరిగించి, చిన్న చిన్న గాజు మూతల్లో పోసి, జున్నులా పేరుకున్నాక దాని మీద కంటికి కనబడని సూక్ష్మజీవుల్ని పలచగా పూసేవారు. అది పురుగులకు విస్తరి. ఎండలకు తట్టుకోలేవని, ఆ మూతలన్నీ తడిగోనె చుట్టిన కుండల్లో పెట్టేవారు. ఆ గదిలోకి వెళితే అరివేణి కుండలు పేర్చిన పెళ్ళింటికి వెళ్ళినట్టుండేది. ఏ మూత తెరవాలన్నా ముందు గోటితో రెండుసార్లు టకటకలాడించేవారు.

"అదెందుకమ్మా?" అన్నాను.

"తలుపు కొట్టకుండా ఒకళ్ళింట్లోకి వెళ్తామా అండీ?"

పురుగుల్ని 'వీళ్ళు' అనేవారు. ఆమె చేస్తున్న పని దండగని కాలేజీలో గది ఖాళీ చేయించిన పెద్దల్ని 'అవి' అనేవారు. "అవి ఒప్పుకోలేదండీ" అంటే మొదట్లో నేను పురుగుల మాటే అనుకున్నాను.

మొదటిసారి సూక్ష్మదర్శినిలో చూసిన రోజు నాకు ఇప్పటికీ ఎక్కడో మెలకువలో కన్న కలలాగే ఉంటుంది. మేఘాల్లాంటి తెలుపు మీద, గాజుతో చేసిన దారం ఒకటి మెల్లగా అక్షరాలు రాసుకుంటూ పోతోంది. వంపు తిరిగి, ఆగి, మళ్ళీ వంపు తిరిగి. లోపలంతా కనబడుతోంది. గొంతులో ఏదో కొట్టుకుంటోంది, తిండి మింగుతోంది. మెత్తగా, ఏ చప్పుడూ లేకుండా. నేను కన్ను తీయలేకపోయాను. నాకు అక్షరం ముక్క పాతికేళ్ళు దాటాక వచ్చింది. పొట్లాలు కట్టిన కాగితాలు విప్పి నేర్చుకున్నాను. మొదటిసారి కాగితం మీది గీతలు మాటలైనప్పుడు ఎలా ఉందో, ఆ పురుగును చూసినప్పుడు అలాగే ఉంది.

"వీళ్ళు నాలుగుసార్లు కుబుసం విడుస్తారు బాబాయిగారూ. ప్రతి కుబుసానికీ మధ్య ఒక వయసు. ఏ వయసు పని ఆ వయసులోనే చెయ్యాలి. ఏ కణం ఎప్పుడు రెండుగా చీలాలో, ఎప్పుడు ఊరుకోవాలో అంతా వరస. ఆ వరస తప్పకుండా చూసేవి రెండు మూడు చిన్న ముక్కలున్నాయి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ అంటారు. ఇరవై చిల్లర అక్షరాలు, అంతే పొడుగు."

"అంత చిన్నది ఏం చేస్తుందమ్మా?"

"ఏమీ చెయ్యదు. చేసేవాళ్ళ నోరు మూయిస్తుంది."

నేను ఆలోచనలో పడ్డాను. తోటలో కోత రోజున మేస్త్రి ఒక కేక వేస్తాడు. కాయ కోసే చిక్కం కర్రలు ఆ కేకతో కిందికి దిగుతాయి. ఆ కేక ఎవరి చేతా ఏమీ చేయించదు, చేస్తున్నదాన్ని ఆపుతుంది. అది వినబడకపోతే పచ్చివీ పిందెలూ అన్నీ కోసి పారేస్తారు. ఆ మాట అన్నాను.

ఆమె ముఖం వెలిగింది. "అంతే! కేక అనకండి, గుసగుస అనండి. మొదటి గుసగుస వచ్చి 'ఇక చిన్నపిల్లల పనులు చాలు' అంటుంది. అది రాకపోతే ఈ పురుగు మొదటి వయసు పనే మళ్ళీ చేస్తుంది, మళ్ళీ చేస్తుంది. ఒళ్ళు పెరుగుతుంది గాని పెద్దవదు. గుడ్డు పెట్టే దారి ఏర్పడదు. తర్వాత ఇంకో గుసగుస వస్తుంది, 'ఇక పెద్దదానివి' అని. అది రాకపోతే సరిగ్గా పెద్దయ్యే వేళకి ఒళ్ళు పగిలి పోతుంది."

"ముందే వస్తేనో?"

"మొదటి వయసు పనులు ఎగిరిపోతాయి. ముందే పెద్దమనిషి వేషం వేస్తుంది. లోపల పని పూర్తికాకుండానే."

"మందు పెట్టి మాగేసిన కాయలాగా" అన్నాను కోపంగా. ఆమె నవ్వారు. "పురుగుకి మీకున్నంత కోపం ఉండదులెండి."

ఆ రెండో గుసగుస, అక్షరం పొల్లు పోకుండా, నాలోనూ ఉందట. ఆమెలో, గదిలో తిరుగుతున్న ఈగలో, సముద్రంలో ముళ్ళబంతిలా ఉండే ఏదో జీవిలో కూడా అదేనట. కోట్ల ఏళ్ళుగా ఎవరూ దాన్ని మార్చుకోలేదు. "మామిడి చెట్టులో?" అని అడిగాను. తోటవాడికి వేరే ఏం తోస్తుంది?

"చెట్టులో ఇది కాదండీ. చెట్లు వాటంతట అవి ఇలాంటివే కనిపెట్టుకున్నాయి, వేరే అక్షరాలతో. టెంక నాటిన చెట్టు ఇన్నేళ్ళదాకా పూత పుయ్యదు చూడండి, అది కూడా ఒక గుసగుస దాన్ని ఆపి ఉంచడమే."

ఆ రాత్రి నాకు నిద్రలో తోటంతా గుసగుసలాడింది.

ఇక ఆమెకు కావలసింది ఏమిటో చెప్పాలి. అది ఒక పురుగు. ఒకే ఒక్క రకం. మేం కలిసిన మొదటి వేసవిలోనే, మా తోట చివర కాలవ గట్టున ఉన్న నాటు మామిడి కింద కుళ్ళిన కాయలో దొరికింది. పుల్లటి కాయలు కాసే ముసలి టెంక చెట్టు అది. ఎవరూ కోయరు గనక కాయంతా దాని పాదులోనే రాలి కుళ్ళేది. ఆ పురుగు తోటివాళ్ళకంటే చిన్నతనంలో ఎక్కువసేపు ఉండిపోయేది. మిగతావాళ్ళంతా రెండో కుబుసం విడిచేసినా ఇది ఇంకా మొదటి ఆటలే ఆడేది. గుసగుస చెడిపోయిన పురుగయితే పెద్దవకుండా పోవాలి కదా. ఇది మాత్రం, ఆలస్యంగానే అయినా, చక్కగా పెద్దదయి గుడ్లు పెట్టేది. ఎలా?

"గుసగుస మారిందా, వినే చెవి మారిందా, చెప్పే వేళ మారిందా?" ఈ మాట ఆమె నాతో ఎన్నిసార్లు అన్నారో! కాఫీ కలుపుతూ, ఆటో ఎక్కుతూ, చెప్పులకోసం కాలితో తడుముకుంటూ. పురుగులు ఒకదాన్నించి ఇంకొకటిగా ఎలా విడిపోయాయో చెప్పే తాళంచెవి అందులో ఉందని ఆమె నమ్మకం. మాట మారకుండా వేళ ఒక్కటే మారితే కొత్త జీవి పుట్టొచ్చునా అని.

ఆమె కంటి ఆపరేషనుకు బెజవాడ వెళ్ళిన వారంలో గది ఇన్వర్టరు కాలిపోయింది. మే నెల ఎండ. అప్పుడింకా కుండలు లేవు, ఒక చిన్న కూలింగు పెట్టె. తిరిగొచ్చేసరికి వాళ్ళెవరూ బతికి లేరు. ఆ తర్వాత జి. కొండూరు దాకా ఎన్ని తోటల కుళ్ళు వెతికారో! ఇంకెక్కడా ఆ పురుగు దొరకలేదు. ఉంటే ఆ నాటు చెట్టు కిందే ఉండాలి. ఆ చెట్టుకు మరుసటి ఏడాదిదే ఆఖరి కాపు. కోత అయిపోగానే తోటంతా కొట్టించి పామాయిల్ మొక్కలు వేయిస్తానని ఆసామి అప్పటికే చెప్పేశాడు. ఈ కాపులో దొరికితే దొరికినట్టు, లేదంటే లేనట్టు.

నేను ఆ చెట్టు పాదు ముట్టుకోవద్దని కూలీలకు చెప్పాను. కాయ రాలింది, కుళ్ళింది, తీయని పులుపు వాసన కాలవ దాకా పాకింది. ఒక ఉదయం ఆసామి కారు దిగాడు.

"ఏంటి పెద్దాయనా ఇది? రాలినకాయ గొయ్యి తీసి సున్నమేసి పూడ్చాలని నీకు నేను చెప్పాలా? పండు ఈగ లేచిందంటే పక్క తోటలోళ్ళు నన్ను బతకనిస్తారా?"

నిజమే. ఒప్పుకోవడానికి కష్టంగా ఉన్నా అతను చెప్పింది నిజం. రాలిన పండులో ఈగ గుడ్లు పెడుతుంది. ఆ పిల్లలు లేచి చెట్టు మీది కాయకు పడతాయి. పుచ్చిన కాయ ఎవడూ కొనడు.

"ఒక్క చెట్టేనండీ" అన్నారు మేడంగారు.

"ఊరంతా అంటుకోడానికి ఒక్క చెట్టు చాలండీ మేడం. అయినా పురుగు కోసం పురుగు పెంచడమేంటండి, నాకర్థం కాక!"

"ఈగ లోపలికి పోకుండా, బయటికి రాకుండా నేను చూస్తాను. అప్పుడు మీకేం అభ్యంతరం?"

"ఎట్టా చూస్తారు? ఈగకి చీటీ ఇస్తారా, గేటు పాసు?"

మర్నాడు ఆమె ఆటోలోంచి ఒక దోమతెర దించారు. డబుల్ కాట్ మంచానికి కట్టేది. కొట్లో అదొక్కటే ఉందట, గులాబీ రంగు. కొమ్మలకు నాలుగు తాళ్ళు కట్టి, కుళ్ళిన కుప్ప మీదికి దింపి, అంచుల మీద మట్టి ఎత్తిపోశాం. ఆసామి చుట్టూ తిరిగి చూసి, ఎక్కడా సందు దొరక్క, "పెళ్ళి మంచంలా ఉంది" అని నవ్వి వెళ్ళిపోయాడు.

పొద్దున్నే ఆ తోటలోకి వెళ్ళిన వాళ్ళకే తెలుస్తుంది అది ఎలా ఉండేదో. ఆకుల మధ్య నించి పలచటి వెలుగు. రాత్రి చెమ్మకు తడిసిన గులాబీ తెర ఊపిరి తీస్తున్నట్టు ఉబ్బడం, అణగడం. లోపల నల్లబంగారం రంగులో మాగి, కరిగి, నేలలోకి ఇంకుతున్న కాయలు. తెర అంచు ఎత్తి, మోకాళ్ళ మీద కూర్చుని, భూతద్దం కంటికి ఆనించుకుని, ఊపిరి బిగబట్టి చూస్తున్న తెల్లజుట్టు మనిషి. కాలవలో నీళ్ళు నడుస్తున్న చప్పుడు తప్ప ఇంకేమీ ఉండేది కాదు. నేను కాస్త దూరంలో కూర్చునేవాణ్ణి. ఎంతసేపు కూర్చున్నానో తెలిసేది కాదు. బతికినన్నాళ్ళూ కాయ దిగిందా, లారీ వచ్చిందా అని పరిగెత్తినవాణ్ణి. అక్కడ మాత్రం కాలం కూడా తెర కింద పడుకున్నట్టుండేది.

కోతకు వచ్చిన ఆడవాళ్ళు కూడా చూశారు. వాళ్ళకు పెద్ద వెంకాయమ్మ, గట్టి మనిషి. రోజూ ఒక పెద్దావిడ తెల్లారకుండా వచ్చి, తెర ముందు మోకరిల్లి, మాట్లాడకుండా, ఊపిరి కూడా పీల్చకుండా కూర్చుంటే వాళ్ళేమనుకోవాలి? చెట్టు కింద ఏదో వెలిసిందనుకున్నారు. ఎవరినీ అడగలేదు. అలాంటివి అడగరు.

ఒక మంగళవారం మేమిద్దరం వెళ్ళేసరికి తెర చుట్టూ వేపమండలు గుచ్చి ఉన్నాయి. సాంబ్రాణి పొగ. కొబ్బరి చెక్కలు. కుప్ప మీద బిందెలకు బిందెలు పసుపు నీళ్ళు. నేలంతా పచ్చగా మెరుస్తోంది.

మేడంగారు తెర అంచు ఎత్తి, ఆ తడి కుప్పలోంచి డబ్బాలో కాస్త తీసుకుని, చెట్టు కింద పెట్టిన చిన్న సూక్ష్మదర్శినిలో చూశారు. నన్నూ చూడమన్నారు. ఆ అక్షరాలు రాసే దారాలు లేవు. అన్నీ తిన్నగా, సూదుల్లా సాగిపోయి ఉన్నాయి. వంపు లేదంటే ప్రాణం లేనట్టే.

నేను లేచి కేకలు మొదలుపెట్టాను. "ఎవరే ఇది చేసింది? బుద్ధుందా మీకు? ఎవర్నడిగి పోశారు?"

వెంకాయమ్మ చేతులు కట్టుకుని వచ్చింది. "మేమే పోశామండి. తోట కొట్టేస్తారంట గదండి. పామాయిల్ వేస్తే మాకేం పనుంటది? కొట్టకుండా ఆపు తల్లీ అని మొక్కుకున్నాం."

మేడంగారు కొబ్బరి చెక్క ఒకటి తీసుకుని, చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలారు.

"మంచి పనే చేశారమ్మా. ఈ అమ్మవారికి పసుపు పడదు, అంతే."

"అయ్యో, పసుపు పడని అమ్మవారుంటదాండీ!"

"ఉందమ్మా. బహు చిన్నది. ఆమె కూడా ఆపేదే."

వెంకాయమ్మకు ఏం అర్థమయిందో తెలియదు. తిరిగి వెళుతూ ఆటోలో మేడంగారు ముఖం అటు తిప్పుకుని కూర్చున్నారు. సుబ్బారావు అద్దంలో చూసి, పాటలు ఆపేశాడు.

తర్వాత కాయలన్నీ దిగాయి. ఇంకోసారి రాలడానికి ఆ చెట్టుకు కాయ లేదు. మొదటి వాన పడిన వారానికి రంపాల మిషన్లు వచ్చాయి. కబురు పంపితే ఆమె తాపీ పట్టుకుని వచ్చారు, మేస్త్రీలు సిమెంటు పూసే తాపీ. రంపం వాడు కాలవ గట్టు వైపు నించే మొదలుపెట్టబోతున్నాడు.

"బాబూ, ఆ చివర్నించి మొదలెడతావా?"

"కాంట్రాక్టరు ఈ చివరే అన్నాడండి."

నేను వెళ్ళి నాటు చెట్టు మొదట్లో కూర్చున్నాను. "కొయ్యి. నాతో కలిపి కొయ్యి. నాకూ చెట్టంత వయసుంది."

"లే తాతా, ఏంటీ గోల పొద్దున్నే?"

"లేవను. నీకు తొందరయితే పోయి టీ తాగిరా."

అతను వాళ్ళవాళ్ళ వైపు చూశాడు. వాళ్ళు నవ్వారు. నిజంగానే టీకి వెళ్ళిపోయారు.

ఆమె అప్పటికే తవ్వుతున్నారు. పసుపు నీళ్ళు ఇంకినంత మేరా మట్టి పక్కకు తీసి, వేళ్ళ కిందికి, పొడిగా గట్టిగా ఉన్న చోటికి చేయి పోనిచ్చారు. దోసెడు దోసెడు తీసి డబ్బాల్లో పోసుకున్నారు.

"ఇందులో ఏం మిగిలుంటుందమ్మా?" అన్నాను.

"ఏమో. తిండి లేక, చోటు ఇరుకయితే, వీళ్ళలో చిన్నవాళ్ళు ఒక పని చేస్తారు. నోరు మూసేసుకుని ఎదగడం మానేస్తారు. చావరు, పెరగరు. మంచి రోజులొచ్చేదాకా మట్టిలో కూర్చుంటారు. మామూలు ఆయుష్షు ఎన్ని రెట్లు దాటిపోయినా సరే."

"మరి అన్నాళ్ళు వయసు మీద పడదా?"

"ఆగిన కాలం వయసులో లెక్కకు రాదండీ." తాపీ మట్టిలో గుచ్చి, నావైపు చూసి, "మనకే లేదు ఆ సదుపాయం" అన్నారు.

మా వెనక, టీ తాగి వచ్చినవాళ్ళు పక్క చెట్టుకు మిషను పెట్టారు. ఆమె వెనక్కి తిరగలేదు. జీడి వాసన, పచ్చి రంపపు పొట్టు గాలిలో తేలుతూ మా జుట్టు మీద పడింది. పడిన చెట్టు చప్పుడు చాలాసేపు నేలలో ఉండిపోయింది.

ఆ మట్టిలోంచి కొందరు లేచారు. అవును, లేచారు. తడి చైనా గడ్డి మీద పెట్టి తిండి చూపించగానే నోళ్ళు తెరిచారట. కానీ లేచినవాళ్ళు వాళ్ళేనో, మామూలువాళ్ళో ఎవరికి తెలుసు? చూస్తే అందరూ ఒకటే. పెరిగి, గుడ్లు పెట్టి, ఆ గుడ్లలోంచి వచ్చినవాళ్ళు ఏ వేళకు ఏం చేస్తారో చూస్తే తప్ప తేలదు. నాకు ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నం రండి. నాకు ఒక్కదానికి చూడాలంటే భయంగా ఉంది" అన్నారు.

వెళ్ళాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక నూజివీడు ఎలా ఉంటుందో మీకు తెలుసు. కింద శెట్టిగారు గల్లాపెట్టె మీద తల వాల్చేశాడు. వీధిలో కుక్క కూడా కదలదు. గదిలో తడిగోనెల చల్లదనం. బల్ల మీద రెండు గాజు మూతలు. ఒకదాంట్లో మార్కెట్ కుప్పలోంచి తెచ్చిన మామూలు పురుగుల పిల్లలు. రెండోదాంట్లో నాటు చెట్టు మట్టి పిల్లలు. రెండిట్లోనూ ఒకే పూట గుడ్డులోంచి వచ్చినవాళ్ళు.

"కుబుసం విడిచే ముందు ప్రతిసారీ వీళ్ళు ఒక కునుకు తీస్తారు బాబాయిగారూ. తిండి మానేసి, కదలకుండా. లేచాకే పాత చర్మం వదులుతారు. మామూలువాళ్ళకి రెండో కునుకు వేళ ఇది. రెండు మూతల్లోనూ నిద్రపోతుంటే, మట్టిలోంచి లేచినవాళ్ళు కూడా మామూలువాళ్ళేనన్నమాట."

ముందు మార్కెట్ మూత చూశారు. నన్ను చూడమన్నారు. అందరూ పడుకుని ఉన్నారు. ఎవరో కత్తిరించి పారేసిన దారపు ముక్కల్లా, ఎక్కడివాళ్ళక్కడ. గొంతులో ఆ కొట్టుకోవడం కూడా లేదు. అంత చిన్న ప్రాణానికి అంత నిండు నిద్ర!

రెండో మూత కింద పెట్టారు. కన్ను ఆనించారు. ఊపిరి బిగబట్టారు. కింద వీధిలోంచి దుంగలు నింపుకున్న లారీ ఒకటి పోతోంది. కిటికీ అద్దాలు అదిరాయి. ఆమె కదలలేదు. ఆ వణికే చేతులు రెండూ బల్ల అంచు పట్టుకుని ఉన్నాయి. లారీ చప్పుడు సెంటరు దాటిపోయింది. ఇంకా ఊపిరి వదల్లేదు. నాకు భయమేసింది.

"ఏమైందమ్మా? పడుకున్నారా?"

ఆమె కన్ను తీయకుండానే చెయ్యి వెనక్కి చాపి, నన్ను మాట్లాడవద్దన్నట్టు నా మణికట్టు పట్టుకున్నారు. పిల్లల్ని పడుకోబెట్టిన ఇంట్లో మాట్లాడినట్టు, చాలా మెల్లగా అన్నారు.

"లేదు బాబాయిగారూ. ఇంకా ఆడుకుంటున్నారు."